గార పోయిన మర్నాడు

నాలుక ఊరుకోవడం లేదు. నిన్న సాయంత్రం నుంచి దానికి అదే పని, కింది పళ్ళ వెనక్కి వెళ్ళడం, ఇన్నేళ్ళుగా అక్కడున్న గరుకు గోడ ఏమైపోయిందా అని తడుముకోవడం, దొరక్క వెనక్కి రావడం, కాసేపాగి మళ్ళీ వెళ్ళడం. గోడ లేదు. పన్నుకీ పన్నుకీ మధ్య సందులున్నాయి, ఆ సందుల్లోంచి గాలి తిరుగుతోంది, నోరు మూసుకున్నా తిరుగుతోంది, తిరిగినప్పుడల్లా చిగురు లోపల ఎక్కడో సన్నగా జివ్వుమంటోంది. భోజనాల గంట కొట్టారు. కొట్టారని అతనికి తెలిసింది వినపడి కాదు, అందరూ చేతులు తుడుచుకుంటూ గుమ్మం వైపు నడవడం చూసి. పెద్ద మిషన్ ఆగింది, కాళ్ళ కింద నేల వణకడం మానేసింది. మిషన్ వెనకాల ఇంకా విప్పని కాగితం కట్టల మీద కూర్చుని, పొడుగు స్క్రూడ్రైవరు ఒళ్ళో పెట్టుకుని, ఫిట్టరు తన నోట్లో తనే అద్దెకు దిగిన కొత్త మనిషిలా మూలమూలా చూసుకుంటున్నాడు. ఇల్లు శుభ్రంగా ఉంది, కాదనడానికి లేదు. ఇంత శుభ్రం తనకెందుకన్నదే అతని బాధ.

పొద్దున్నుంచి పెద్ద మిషన్ ఏదో గొణుగుతోంది. గొణుగుతోందని మిషన్ తిప్పే ఆపరేటరు చెప్పాడు, ఫోర్‌మన్ చెప్పాడు, ఆఖరికి కాగితం అందించే అమ్మాయి కూడా చెప్పింది, చెప్పాల్సిన ఫిట్టరు మాత్రం వాళ్ళ మొహాలు చూసి తెలుసుకున్నాడు. రోలరుకి ఇటు ఒక బేరింగు, అటు గేర్ల వైపు ఒక బేరింగు. రెండింట్లో ఏదో ఒకటి పోబోతోంది. ఇటువైపుదైతే విప్పి మార్చడం ఎంతసేపో పట్టదు. గేర్ల వైపుదైతే నూనె దించాలి, మూతలు తీయాలి, ఇవాళంతా దానికే సరిపోతుంది, తీరా విప్పాక ఇది కాదని తేలితే నలుగురిలో నవ్వులపాలు. అసలు ఏదీ విప్పకుండా పూర్తి వేగంతో తిప్పేస్తే రోలరు ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది, అప్పుడు పక్కనే నిలబడి కాగితం అందిస్తూ ఆ అమ్మాయి ఉంటుంది, ఆ పైన ఆలోచించడం అతనికి ఇష్టం లేదు. బడులు తెరిచే రోజులు, పిల్లల పుస్తకాలు సగం అచ్చయి కుప్పలుగా ఉన్నాయి. "భోజనాలయ్యాక తిప్పుదాం డాక్టరుగారూ, ఏ వైపో మీరే చెప్పాలి" అని ఫోర్‌మన్ అన్నాడు. ఫోర్‌మన్ మాటలు సగం పెదాల మీదా సగం చేతుల్లోనూ ఉంటాయి కాబట్టి అతనితో ఇబ్బంది లేదు. భోజనాల గంటకి ముందే ఫిట్టరు ఒకసారి ప్రయత్నించాడు. స్క్రూడ్రైవరు మొన బేరింగు కప్పుకి ఆనించి, చెక్క పిడిని పళ్ళ మధ్య పెట్టి, ఎప్పుడూ చేసినట్టే కళ్ళు మూసుకున్నాడు. వినపడింది మిషన్ కాదు. కింది పళ్ళలోంచి చెంప మీదుగా కణత దాకా ఒక తీగ లాగి వదిలినట్టయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, స్క్రూడ్రైవరు జారబోతే పట్టుకుని దగ్గు వచ్చినవాడిలా వంగి దగ్గాడు. కాస్త చల్లారనివ్వండి సార్, తర్వాత చెబుతా అన్నాడు. చల్లారాల్సింది మిషన్ అనుకుని ఫోర్‌మన్ తలూపాడు.

ప్రెస్సులో అతన్ని పళ్ళ డాక్టరంటారు. మిగతావాళ్ళు పిడిని చెవికి ఆనించి వింటే ఇతను పళ్ళతో కరిచిపట్టి వింటాడు కాబట్టి ఆ పేరు, సరదాగా పెట్టిందే, సరదాగానే స్థిరపడింది. నిన్న నిజం పళ్ళ డాక్టరు దగ్గరికి వెళుతున్నాడని తెలిసి ఆపరేటరు, డాక్టర్లు మీలో మీరు ఏం మాట్లాడుకుంటారండీ అన్నాడట, బైండింగ్ సెక్షన్‌లో ఆడవాళ్ళంతా నవ్వారట, అక్కడే పనిచేసే భార్య ఇంటికెళ్ళాక చెప్పింది. పళ్ళతో వినడం నేర్పింది పాత ఫిట్టరు, అతని గురువు. చెవిని నమ్ముకుని కూర్చోకురా, చుట్టూ గోల, పన్ను పెట్టు అనేవాడు. పన్ను పెట్టగానే హాలులో గోలంతా తలుపు మూసినట్టు పోయేది, పిడిలోంచి పన్నులోకి, పన్నులోంచి తల మధ్యలోకి మిషన్ నేరుగా వచ్చి కూర్చుని తన సంగతులు చెప్పుకునేది. మెత్తగా తిరిగే బేరింగు ఎలా ఉంటుందో, గ్రీజు ఎండినది ఎలా ఉంటుందో, లోపల గుండు పగిలినది ఎలా ఉంటుందో అన్నీ అక్కడే నేర్చుకున్నాడు. చెక్క పిడి మీద గురువుగారి పళ్ళ గుంటలున్నాయి, వాటి పక్కనే ఇతనివి ఉన్నాయి. ఆ గుంటల్ని బొటనవేలితో రాసుకుంటూ కూర్చుంటే గురువుగారి నవ్వు గుర్తొచ్చింది. ఎవరేమన్నా నవ్వేవాడు. టీ తాగుతారా అన్నా నవ్వేవాడు, మీ అన్నయ్య పోయాడట కదా అన్నా ముందు నవ్వి తర్వాత మొహం మార్చుకునేవాడు, మనిషి కొంచెం తేడా అనుకునేవారు అందరూ. కాగితం కట్టల మీద కూర్చున్న మనిషి బొటనవేలు పిడి మీద అలాగే ఆగిపోయింది. ఆయనకి వినపడేది కాదు. ఇన్నేళ్ళూ తట్టనే లేదు. తనిప్పుడు నవ్వుతున్నది ఆ నవ్వే. ఆపరేటరు ఏదో అనగానే పళ్ళు బయటపెట్టి తలూపే నవ్వు, అది గురువుగారు స్క్రూడ్రైవరుతో పాటు ఇచ్చిపోయాడు. ఆఖర్లో ఆయన్ని మిషన్ హాలు నుంచి తీసేసి కాగితం గోదాములో కూర్చోబెట్టారు. మర్యాదగానే కూర్చోబెట్టారు, కుర్చీ వేశారు, ఫ్యాను పెట్టారు, కానీ అక్కడ తిరిగేది ఆ ఫ్యాను ఒక్కటే. వెళ్ళి పలకరిద్దామనుకుంటూనే ఉండేవాడు ఇతను, మిషన్ పనులు తెమిలేవి కావు. ఆ కుర్చీ ఇంకా గోదాములో ఉంది.

తన చెవి ఎప్పుడు పోయిందో అతను చెప్పలేడు. జుట్టు ఎప్పుడు నెరిసిందో ఎవరైనా చెప్పగలరా. ముందు జనానికి గొణిగే జబ్బు పట్టుకుందనుకున్నాడు, ఒకరా ఇద్దరా, దుకాణంలో వాళ్ళు, బస్సులో వాళ్ళు, వార్తలు చదివేవాళ్ళు కూడా నోట్లో బెల్లం పెట్టుకున్నట్టు మాట్లాడుతున్నారని విసుక్కునేవాడు. తర్వాత ఓ రోజు కుడి చెవి దిండుకి ఆనించి పడుకుని, అంటే మంచి చెవి పైకి ఉంచి, గోడ గడియారం విన్నాడు, అటు తిరిగాడు, గడియారం ఆగిపోయింది, ఇటు తిరిగాడు, మళ్ళీ నడిచింది. అప్పుడు తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు, ఎందుకంటే పనిలో పళ్ళున్నాయి, ఇంట్లో భార్య ఉంది. ఆవిడదో వింత అలవాటు, ఎప్పుడూ ఎడమ పక్కే కావాలి. రోడ్డు మీద నడిచినా బళ్ళు వచ్చే వైపు తనే నడుస్తుంది, ఇటు రావే అంటే వినదు. బస్సులో కిటికీ పక్కన ఇతన్ని కూర్చోనివ్వదు, నాకు గాలి కావాలంటుంది, గాలి తగిలితే జలుబు చేస్తుందని మళ్ళీ తనే అంటుంది. చాలా ఏళ్ళ కిందట ఓ ఆదివారం మంచం అటుదిటు తిప్పించింది, కిటికీలోంచి ఎండ పడుతోందని వంక. ఆ కిటికీలోంచి ఎండ ఎప్పుడూ పడలేదు, పక్కింటి గోడ అడ్డం. ఆడవాళ్ళకి సామాను అటూ ఇటూ జరపడం ఒక సరదా అనుకుని అప్పుడు నోరు మెదపకుండా మంచం మోశాడు.

పళ్ళ డాక్టరు దగ్గరికి పంపింది కూడా ఆవిడే. బ్రష్షు మీద నెత్తురు కనపడుతోంది, గార పేరుకుపోయింది, అద్దంలో చూసుకున్నారా ఎప్పుడైనా అని వారం పోరు పెట్టింది. కుర్చీ బాగుంది. కాళ్ళు పైకి లేపి తల కిందికి దించి, మొహం మీద దీపం పెట్టి, నోట్లో గొట్టం పెట్టారు, ఆ డాక్టరమ్మ తమ అమ్మాయి వయసుది, మాస్కు పైన కళ్ళు మాత్రం కనపడుతున్నాయి. గార తీసే మిషన్ పంటికి తగలగానే అతను ఉలిక్కిపడ్డాడు, నొప్పికి కాదు. ఎంత చప్పుడు. ఎన్నేళ్ళయింది అంత నిండుగా ఒక చప్పుడు విని. సన్నటి ఈల, దాని కింద ఇంకో ఈల, దాని కింద నీళ్ళు చిమ్మే రొద, గార పెళ్ళ విరిగినప్పుడు టక్కుమని ఒక దెబ్బ, అన్నీ విడివిడిగా, అన్నీ తల లోపలే. చుట్టుపక్కల కుర్చీల్లో జనం చేతులు బిగించుకుని బాధపడుతుంటే ఇతను హాయిగా కళ్ళు మూసుకుని విన్నాడు. పాలిష్ చేసే చిన్న చక్రం మాత్రం కొంచెం పక్కకి ఒరిగి తిరుగుతోంది, రోజూ కాస్త నూనె చుక్క వెయ్యమ్మా అని చెబుదామనుకున్నాడు, నోరు నిండా గొట్టాలు. అంతా అయ్యాక డాక్టరమ్మ కుడిపక్క బల్ల మీద కూర్చుని మాట్లాడడం మొదలుపెట్టింది. మాస్కు తియ్యలేదు. పెదాలు లేవు, చేతులు తొడుగుల్లో కదలకుండా ఉన్నాయి, మాట కుడివైపు నుంచి వస్తోంది. భార్య ఆ మూల ఉంది, మధ్యలో కుర్చీ, సామాను బల్ల, ఇటుపక్కకి రావడానికి దారి లేదు. అతను తలూపాడు. డాక్టరమ్మ చాలాసేపు చెప్పింది, కనుబొమలు ఎత్తి చెప్పింది, ఒకసారి వేలితో తన బుగ్గ చూపించి చెప్పింది, చివర్లో ఏదో అడిగినట్టు ఆగింది. అతను ఇంకాస్త గట్టిగా తలూపి, ఆ అమ్మాయి కళ్ళు నవ్వడం చూసి, తనూ నవ్వాడు. వినపడనివాడికి తలూపడంలో ఒక లెక్క ఉంటుంది, ఎక్కడ నెమ్మదిగా ఊపాలి, ఎక్కడ ఆపాలి, ఎక్కడ పెదవి విరిచి ఊపాలి అని. అందులో అతను ఆరితేరాడు. ఇన్నేళ్ళలో ఎక్కడా దొరకలేదు.

ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగాడు. గ్లాసు జారి కింద పడింది. చన్నీళ్ళు కాదు, మామూలు నీళ్ళు. కింది పళ్ళన్నీ ఒక్కసారిగా గుండె దాకా లాగాయి, అతను గోడ పట్టుకుని నిలబడి, డాక్టరమ్మ చివర్లో ఏం అడిగిందా అని ఆలోచించాడు. పంటి పైన మెరుపంతా గీకేశాను, పర్వాలేదా అని అడిగిందేమో. నరం బయటపడింది, ఇక జన్మంతా ఇంతే, సర్దుకుంటారా అని అడిగిందేమో. తను దేనికి తలూపాడు. భార్యని అడగొచ్చు, అక్కడే ఉంది, అంతా వింది. అదేమిటండీ, మీకేగా చెప్పింది, అంతసేపు తలూపారుగా అంటుంది. అప్పుడు ఆ తలూపడం గురించి చెప్పాలి, అది చెబితే దాని వెనక ఉన్న తలూపుళ్ళన్నీ వరసగా బయటికొస్తాయి, ఎన్నేళ్ళవో. అడగలేదు. గాజుముక్కలు ఏరుతూ ఆవిడ అతని మొహం కేసి చూసింది, ఏమైనా అడుగుతాడేమోనన్నట్టు కాసేపు అలాగే కూర్చుంది, తర్వాత చీపురు తెచ్చుకుంది. పొద్దున టీ చల్లారిపోయి ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ చల్లారిన టీ ఇవ్వడం ఇదే మొదలు, ధ్యాస తగ్గుతోంది పాపం, వయసు మీద పడుతోంది అనుకుని జాలిపడి తాగాడు. బ్రష్షు కూడా పాతది తీసేసి ఉడత తోకంత మెత్తటిది పెట్టింది, పేస్టు సగం ఉండగానే ఇంకేదో కొత్తది పెట్టింది, ఉన్న వస్తువు ఉండగా కొత్తది కొనే మనిషి కాదే అని కొంచెం ఆశ్చర్యపోయాడు. ఆశ్చర్యపోయి వదిలేశాడు. పళ్ళు పోతే తనకి ఇక చెవి లేదు, ఆ ఒక్క ఆలోచనే బుర్రంతా ఆక్రమించుకుని ఉంటే బ్రష్షు సంగతి ఎవరికి కావాలి.

హాలులో ఎవరూ లేరు. పైన అద్దాల్లోంచి పడే వెలుతురులో కాగితం పొడి మెల్లగా తేలుతోంది. సిరా వాసన, కిరసనాయిలు వాసన, వాసనలకి మాత్రం ఏ లోటూ లేదు. నాలుక మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ జివ్వుమంది. అమ్మాయి ఫోను చేసినప్పుడు కూడా ఇలాగే లోపల ఎక్కడో జివ్వుమంటుంది. అమ్మాయి వేరే ఊళ్ళో ఉద్యోగం, ఆదివారం ఫోను చేస్తుంది, ఇతను ఎత్తగానే, బాగున్నావా అమ్మా, ఉండు అమ్మకిస్తా అంటాడు. ఎప్పుడూ ఆ ఒక్క ముక్కే. నాన్నకి నాతో మాట్లాడ్డం ఇష్టం ఉండదు అని అమ్మాయి ఓసారి ఇంటికొచ్చినప్పుడు తల్లితో అంది, వంటింట్లో, ఇటు తిరిగి, పెదాలు కనపడేట్టు. అన్నిటికంటే అది బాగా వినపడింది. ఆ తర్వాతి ఆదివారం ఫోను రాగానే స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని, ఫోను అంచు పళ్ళ మధ్య పెట్టి కరిచి పట్టుకున్నాడు. నవ్వొచ్చే పనే, కానీ వచ్చింది. అమ్మాయి గొంతు పన్నులోంచి తలలోకి వచ్చింది, చిన్నప్పుడు భుజం మీద నిద్రపోతూ కలవరించినప్పటి గొంతు, మార్పు లేదు, చివర్లో కొంచెం సాగదీస్తుంది. నాన్నా, ఎలా ఉన్నావు. నాన్నా, వింటున్నావా. వింటున్నాడు, ఎన్నేళ్ళకో వింటున్నాడు, ఎలా చెప్పగలడు, ఫోను నోట్లో ఉంది. నోట్లోంచి తీస్తే వినపడదు, తియ్యకపోతే చెప్పలేడు. ఊ అన్నాడు, ఊఊ అన్నాడు, పళ్ళు బిగించి అన్న ఆ ఊకి అవతల ఏం వినపడిందో, అమ్మాయి కాసేపు ఆగి, సరేలే నాన్నా, అమ్మకివ్వు అంది. స్నానాల గదిలో బకెట్టు మీద కూర్చుని ఏడ్చాడు. బయటికొచ్చి ఫోను తుడిచి భార్య చేతిలో పెట్టాడు. మళ్ళీ ఆ పని చెయ్యలేదు. చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చని ఒక ధైర్యం మాత్రం ఉండేది, ఇప్పుడు అదీ లేదు.

బైండింగ్ సెక్షన్ తలుపు తెరుచుకుంది. భార్య వస్తోంది, అక్కడ అచ్చయిన కాగితాలు మడతపెట్టి కుట్టే పని ఆవిడది, చేతిలో టిఫిను డబ్బా. ఇటు నేరుగా వస్తే నాలుగడుగులు, అతని కుడిపక్క ఖాళీ కూడా ఉంది. ఆవిడ నేరుగా రాలేదు. కాగితం కట్టల చుట్టూ తిరిగి, మిషన్‌కీ గోడకీ మధ్య ఉన్న ఇరుకు సందులోంచి ఒళ్ళు పక్కకి తిప్పుకుని, నూనె డబ్బా దాటుకుని, బట్టలకి మసి అంటించుకుని ఎడమ పక్కకి వచ్చి కూర్చుంది. అతను ఆ మసి వైపు చూశాడు. బస్సు కిటికీ, బళ్ళు వచ్చే వైపు, ఎండ పడని కిటికీ, మోసిన మంచం. చూస్తూనే ఉన్నాడు. అన్నీ ఎడమ వైపే.

"తినరా?" అంది, మొహం అతని మొహానికి ఎదురుగా తెచ్చి.

తల ఊపబోయాడు. సగం ఊపాక ఆపేశాడు. గాలి పీల్చుకుంటే పళ్ళు జివ్వుమన్నాయి, అయినా పీల్చుకున్నాడు.

"నిన్న ఆ డాక్టరమ్మ ఏం చెప్పింది?"

ఆవిడ టిఫిను డబ్బా పక్కన పెట్టింది. అంతసేపు తలూపారుగా అనలేదు. నిన్నటి నుంచి నోట్లో పెట్టుకుని కూర్చున్నదంతా ఒక్కొక్కటిగా, తొందరపడకుండా, అతను పెదాలు చూసేట్టు చెప్పింది. "గార కింద దాక్కున్న పన్ను ఇప్పుడు బయటపడిందట. అందుకని గాలి తగిలినా జివ్వుమంటుందట. కొన్నాళ్ళు ఉండి అదే పోతుందంది. అందరికీ అవుతుందట. చల్లనివీ మరీ వేడివీ వద్దంది. మెత్తటి బ్రష్షు వాడమంది, ఇలాంటివాళ్ళ కోసం పేస్టు వేరే ఉంటుందంది. గట్టివి కొరకొద్దంది."

"పోతుందా?"

"పోతుందండీ. పోకపోతే రమ్మంది."

"చివర్లో ఏదో అడిగింది."

"చెప్పిందంతా అర్థమైందా అని అడిగింది" అని ఆవిడ నవ్వింది. "మీరు బ్రహ్మాండంగా తలూపారు."

అతనికి ముందు నవ్వొచ్చింది, తర్వాత ప్రాణం లేచొచ్చింది. చల్లారిన టీ. ఆవిడ ధ్యాస తగ్గిందని జాలిపడి తాగాడు. "ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు. ఆవిడ డబ్బా మూత తిప్పుతూ, "ముందు అనుమానం. తర్వాత ఫోను అంచున పళ్ళ గాట్లు చూశాను. మనింట్లో ఎలకలు లేవు కదా" అంది. అమ్మాయికి చెప్పావా అంటే చెప్పలేదంది, మీరు చెప్పుకోవాల్సింది నేనెలా చెబుతానండీ అంది. ఆ మాటలో కోపం లేదు గానీ చాలా రోజులు మోసిన అలసట ఉంది, అతనికి అది కూడా వినపడింది. ఆవిడ భుజం మీది మసి తుడవబోయి ఇంకా పులిమాడు.

గుమ్మంలో మనుషులు కనపడుతున్నారు. అతను ఒళ్ళోని స్క్రూడ్రైవరు ఆవిడకి ఇచ్చాడు. ఆవిడ పిడి మీద గుంటలు చూసింది, నడుముకి దోపుకున్న గుడ్డ తీసి ఒకటికి రెండుసార్లు తుడిచింది, ఆపరేటరు చూస్తున్నాడని కాస్త సిగ్గుపడి నోట్లో పెట్టుకుంది. మిషన్ నెమ్మదిగా తిప్పమని అతను చెయ్యి ఊపాడు. నేల వణికింది. ముందు ఇటువైపు బేరింగు మీద మొన ఆనించి, ఆవిడ మోచెయ్యి పట్టుకుని, ఇంకొంచెం బిగించు, కళ్ళు మూసుకో, నీ మటుకు నువ్వు విను అన్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆ మొహం అతను ఎప్పుడూ చూడలేదు, మిషన్ తల లోపలికి వచ్చి కూర్చున్నప్పటి మొహం, తనది కూడా ఇలాగే ఉంటుందేమో అనుకున్నాడు. పిడి తీసి, "మెత్తగా ఉందండీ. పిండి జల్లించినట్టు" అంది. గేర్ల వైపు తీసుకెళ్ళాడు. అక్కడ మొన ఆనించగానే ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

"అన్నంలో రాయి పంటికింద పడ్డట్టుంది" అంది.

"ఒక్కలాగే పడుతోందా, ఆగి ఆగి పడుతోందా?"

మళ్ళీ పెట్టుకుని వింది. "తిరిగినప్పుడల్లా ఒకచోట. అక్కడే. మళ్ళీ అక్కడే."

గుండు పగిలింది. అతను చెయ్యెత్తి మిషన్ ఆపించాడు. ఫోర్‌మన్ కుడిపక్క నుంచి వచ్చి ఏదో అన్నాడు, ఏ వైపని అడిగి ఉంటాడు. గేర్ల వైపు, నూనె దించాలి సార్, ఇవాళ ఇక తిప్పొద్దు అని చెప్పాడు. అక్కడితో ఆగిపోవచ్చు. ఎప్పుడూ అక్కడితోనే ఆగేవాడు. పాత ఫిట్టరు కుర్చీ, తిరిగే ఫ్యాను కళ్ళ ముందుకొచ్చాయి, వస్తే రానీ అనుకున్నాడు.

"నేను వినలేదు సార్, ఆవిడ విని చెప్పింది. నాకు కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం ఉంది. ఇన్నాళ్ళూ పళ్ళతో నెట్టుకొచ్చాను. నిన్న క్లీనింగ్ చేయించాక అవి కూడా కొన్నాళ్ళు సెలవు పెట్టాయి."

ఆపరేటరు నవ్వబోయి మానేశాడు. ఫోర్‌మన్ అతని కేసీ, ఆవిడ చేతిలో స్క్రూడ్రైవరు కేసీ చూశాడు. తర్వాత అతని వెనకనుంచి నడిచి, నూనె డబ్బా దాటి, ఎడమ పక్కకి వచ్చి నిలబడ్డాడు. "ఇప్పుడు చెప్పండి డాక్టరుగారూ. విప్పడానికి ఇద్దరు చాలా, ముగ్గురు కావాలా?" అన్నాడు.

ముగ్గురు అన్నాడు. మనుషులు నూనె దించడానికి డబ్బాలు తేవడానికి వెళ్ళారు. భార్య టిఫిను డబ్బా మూత తీసింది, మెత్తగా కలిపిన అన్నం, గోరువెచ్చగా. అతను ముద్ద తీసుకోలేదు. ఫోను ఇవ్వమని చెయ్యి చాపాడు. అమ్మాయి నంబరు ఆవిడే నొక్కి ఇచ్చింది, అతను ఎడమ చెవికి గట్టిగా అదుముకున్నాడు, అవతల ఎత్తినట్టు ఏదో కదిలింది, ఎప్పుడూ అనే ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"అమ్మా, నాకు సరిగ్గా వినపడదు. చాలా ఏళ్ళయింది. నీతో మాట్లాడ్డం ఇష్టం లేక కాదు. కాస్త గట్టిగా మాట్లాడు."

అవతల ఏమీ లేదు. వినపడక లేదో, అసలే లేదో తెలియక అతను భార్య మొహం చూశాడు. ఆవిడ ఫోనుకి ఇటువైపు చెవి ఆనించి, ఉండండి అన్నట్టు చెయ్యి ఎత్తింది. అంతలో ఫోనులోంచి వచ్చిన కేకకి నూనె డబ్బాలు తెస్తున్నవాళ్ళు ఆగిపోయారు, బైండింగ్ సెక్షన్ తలుపులోంచి రెండు తలలు బయటికొచ్చాయి.

"నాన్నా, తిన్నావా?"

"ఇంకా లేదమ్మా" అన్నాడు.